అల్లికల మజ్లిస్ – కొన్ని మర్యాదలు

దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా 92వ ఆయత్‌లో ఒక స్త్రీ ప్రస్తావన వస్తుంది. ఆమె ఎంతో శ్రమపడి నూలు వడుకుతుంది. ఆ నూలు గట్టిగా పేనుకున్న తరువాత తానే దానిని పోగులు పోగులుగా తెంచివేస్తుంది. ప్రమాణాలు చేసి భంగపరచుకునేవారు ఆ స్త్రీ వంటివారని, మీరు అలా కావద్దని అల్లాహ్ విశ్వాసులను హెచ్చరించాడు. ఈ ఆయత్‌ను మేము చాలా సంవత్సరాలుగా మదరసాలో ఆడపిల్లలకు బోధిస్తున్నాము. తన నూలును తానే తెంచుకున్న స్త్రీ గురించి చెప్పడం మాకు అలవాటైన పాఠం. ఇతరుల నూలును విప్పివేసిన స్త్రీ గురించి కూడా ఒకనాడు చెప్పవలసి వస్తుందని మేము అనుకోలేదు. ఆ స్త్రీ మేమే.

మా మదరసా వరండాలో ప్రతి గురువారం జుహర్ నమాజు తరువాత మహల్లాలోని పది, పన్నెండుమంది స్త్రీలు కూర్చుంటారు. అస్ర్ అజాన్ వరకు వారి చేతులు పనిచేస్తూనే ఉంటాయి. కొందరు దుపట్టాలకు లేసు అంచులు అల్లుతారు. కొందరు పసిపిల్లలకు ఊలుతో టోపీలు, మేజోళ్లు అల్లుతారు. రమజాన్ సమీపించిన కొద్దీ అందరి ఒడిలోనూ తెల్ల దారపు ఉండలే కనిపిస్తాయి. నమాజు టోపీలు అల్లే కాలమది. ఒక పెద్దామె మాత్రం తన తల్లి వాడిన తకిలి తెచ్చుకుని, గోడకు ఆనుకుని నూలు వడుకుతూ కూర్చుంటుంది. ఆ నూలుతో ఏమి చేస్తారని అడిగితే, "ఏమీ చేయను, చేతులు మరచిపోకుండా వడుకుతున్నాను" అంటుంది.

టోపీ అల్లడం చూసేవారికి తేలికగా కనిపిస్తుంది. నడినెత్తిన ఒక చిన్న వలయంతో పని మొదలవుతుంది. ఒక్కొక్క వరుసకు కొన్ని కుట్లు చొప్పున లెక్క తప్పకుండా పెంచుకుంటూ పోవాలి. తక్కువ పెంచితే అల్లిక గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచు అలలు అలలుగా లేస్తుంది. పైభాగం తలకు సరిపడినంత వచ్చిన తరువాత పెంచడం ఆపి, ప్రక్కలను క్రిందికి దించాలి. ఆ ఆపవలసిన చోటును గుర్తించడంలోనే నేర్పు ఉంది.

ఆ గురువారం ఒక సోదరి చేతిలోని టోపీని మేము చూశాము. ఆపవలసిన చోట ఆపకుండా ఆమె మరో నాలుగు వరుసలు పెంచుతూ పోయింది. అంచు ముడతలు పడింది. "చెల్లెమ్మా, ఇలా ఇవ్వండి" అంటూనే ఆమె చేతిలోనుంచి దానిని తీసుకున్నాము. సూది తీసి దారం లాగాము. దారం లాగితే అల్లిక ఎంత సులభంగా విడిపోతుందో అల్లేవారందరికీ తెలుసు. నాలుగు వరుసలు నాలుగు క్షణాలలో విడిపోయాయి. "ఇక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టండి. లెక్క రాకపోతే అడగవలసింది కదా!" అని అందరి ఎదుట అన్నాము. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ సోదరి ఏమీ అనలేదు. విడిపోయిన దారాన్ని వేళ్లకు చుట్టుకుని, సంచిలో పెట్టుకుని, అస్ర్ కాకముందే సలాం చెప్పి వెళ్లిపోయింది.

తరువాతి గురువారం ఆమె రాలేదు. ఎందుకు రాలేదని మేము అడగలేదు. ఆ పై వారం తకిలి పెద్దామె నూలు వడుకుతూనే, తల ఎత్తకుండా చెప్పింది: "ఆ టోపీ ఆమె కొడుకుకి ఆపా! శనివారం చెన్నై పోయి కువైట్ విమానం ఎక్కినాడు. టోపీ లేకుండానే పోయినాడు."

ఆ రాత్రి మాకు మా అవ్వ జ్ఞాపకం వచ్చింది.

మేము దూదేకుల వంశంలో పుట్టినవాళ్లము. కర్నూలు, కడప ప్రాంతాల పల్లెలలో మా పెద్దల జీవనాధారం దూది ఏకడమే. మా తాత పెద్ద విల్లును ఇంటి దూలానికి వేలాడదీసి, నరంతో బిగించిన దాని తాడును కొయ్యతో కొట్టేవాడు. ఆ అదురుకు గింజ తీసిన పత్తి విచ్చుకుని మేఘంలా లేచేది. అవ్వ ఆ దూదిని సన్నని పుల్లకు చుట్టి, అరచేతితో దొర్లించి, పుల్ల లాగివేసి ఏకులు చేసేది. సాయంకాలం రాట్నం ముందు కూర్చుంటే చుట్టుప్రక్కల స్త్రీలు కూడా తమ రాట్నాలు తెచ్చుకునేవారు. దూది ఏకే యంత్రాలు వచ్చిన తరువాత ఆ విల్లు అటక ఎక్కింది. రాట్నాల చప్పుడు మాత్రం మా చెవులలో మిగిలింది.

అవ్వకు చదువు రాదు. అయినా ఆ రాట్నాల నడుమ ఆమె ఒక కట్టుబాటు పాటించేది. చేతిలో పోగు ఉన్నవారితో కోపంగా మాట్లాడేది కాదు, మాట్లాడనిచ్చేది కాదు. "మనసు అదిరితే చెయ్యి అదురుతుంది, చెయ్యి అదిరితే పోగు తెగుతుంది" అనేది. ఎవరి పోగైనా తెగితే ప్రక్కవారు చేయి చాపి అతకరాదు. తెగిన కొసను ఏకు మీద ఆనించి, మెల్లగా మెలి తిప్పితే దూది నారలు ఒకదానినొకటి పట్టుకుంటాయి. ముడి వేయవలసిన పని లేదు. వడికే మనిషికి తన మెలి ఎంతో తెలుస్తుంది కనుక ఆ అతుకు ఆమే వేసుకోవాలి. ప్రక్కవారు చేయవలసిందల్లా తమ రాట్నం ఆపి, ఒక్క క్షణం ఆగడమే.

చదువురాని మా అవ్వకు తెలిసిన ఈ అదబ్, మిష్కాతులోని కితాబుల్ ఆదాబ్ పాఠం చదివిన మాకు ఆ గురువారం తెలియకపోయింది. "ఏకు మేకై కూర్చుంది" అన్న సామెత మన తెలుగులో ఉన్నదే. దూదిపోగు వంటి మాట కూడా గుండెలో మేకులా దిగగలదు. ఆ మేకు దిగగొట్టినవారికి దాని బరువు తెలియదు.

తప్పు దిద్దడం తప్పు కాదు కదా అని మా మనసు మమ్మల్ని సమర్థించబోయింది. అప్పుడు హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ సులమీ (ర.అ) గారి ఉదంతం గుర్తుకు వచ్చింది. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మేమే ఎన్నోసార్లు బోధించాము. ఆయన నమాజులో ఉండగా ప్రక్కనున్న వ్యక్తి తుమ్మాడు. నమాజులో మాట్లాడరాదని తెలియక ఆయన బిగ్గరగా దుఆ పలికాడు. చుట్టూ ఉన్నవారు గుడ్లురిమి చూశారు, తొడలపై చరిచి ఆయనను మౌనం వహించమన్నారు. నమాజు ముగిసిన తరువాత దైవప్రవక్త (స) ఆయనను గద్దించలేదు, కొట్టలేదు, నిందించలేదు. నమాజులో మనుషుల సంభాషణ తగదని, అది అల్లాహ్‌ను స్తుతించే, ఖుర్ఆన్ పఠించే సమయమని నెమ్మదిగా వివరించారు. అంతకు ముందుగాని తరువాతగాని అంతకంటే ఉత్తమ బోధకుణ్ణి తాను చూడలేదని ఆ సహాబీ జీవితాంతం తలచుకున్నారు. తప్పు దిద్దబడింది, మనిషి నిలబడ్డాడు. మేము టోపీని దిద్దబోయి మనిషిని పోగొట్టుకున్నాము.

మరునాడు జుమా తరువాత ఆ సోదరి ఇంటికి వెళ్లాము. గుమ్మం ప్రక్కన నిలబడి సలాం చెప్పాము. జవాబు రాలేదు. మూడుసార్లు సలాం చెప్పి అనుమతి లభించకపోతే వెనుదిరగాలన్నది ప్రవక్త (స) నేర్పిన పద్ధతి. రెండవ సలాంకు తలుపు తెరుచుకుంది. ఆమె కంగారుగా చాప పరచింది.

"మీరెందుకు వచ్చినారు ఆపా! కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా!"

"కబురు పెడితే మీరు వచ్చేవారే. కానీ తప్పు చేసినది మేము, చెల్లెమ్మా. నడచి రావలసినది కూడా మేమే."

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అంది: "అల్లిక తప్పేనని నాకూ తెలుసు ఆపా. రాత్రి కరెంటు పోయినప్పుడు లెక్క తప్పింది. విప్పి మళ్లీ అల్లే పొద్దు లేక అట్లే ముందుకు పోయినాను. ముడతలు పడినా వాడు పెట్టుకునేవాడు. ఆ తరువాత పచ్చళ్లు, పొడులు, సామాను సర్దడంతోనే రెండు రాత్రులు గడిచిపోయినాయి. బజారులో ఒక టోపీ కొనిచ్చినాను. వాడేమీ అనలేదు. నాకే చేతులు ఖాళీగా అనిపించినాయి."

ఆ మాటకు మా వద్ద జవాబు లేదు. ఇన్ని కితాబులు చదివినా, ఆ క్షణంలో చెప్పదగిన వాక్యం ఒక్కటీ దొరకలేదు. క్షమించమని మాత్రం అడిగాము. "క్షమించినాను ఆపా" అంది. కొంచెం ఆగి, "గురువారం వస్తానో రానో ఇప్పుడే చెప్పలేను" అని కూడా అంది. ఆ రెండవ మాటను ఆమె దాచకుండా చెప్పినందుకు మాకు ఊరట కలిగింది. పై పై మాటలతో మమ్మల్ని సాగనంపలేదు.

ఆ తరువాతి గురువారం పని మొదలుపెట్టక ముందే మేము అందరి ఎదుట మా తప్పు ఒప్పుకున్నాము. అందరి ఎదుట చేసిన అవమానానికి క్షమాపణ చాటున చెప్పుకుంటే సరిపోదు. ఆ మీదట ఈ మజ్లిస్‌కు కొన్ని మర్యాదలు ఏర్పరచుకుందామని అడిగాము. ప్రతి ఒక్కరూ తమ మనసులోని మాట చెప్పారు. మేము వ్రాసుకున్నాము. వాటి వెనుక ఎన్నెన్ని గాయాలున్నాయో ఆనాడే తెలిసింది.

మొదటి మర్యాద: అడగనిదే ఇతరుల చేతిలోని పనిని ముట్టుకోరాదు, దిద్దరాదు. తప్పు కనిపిస్తే, "చూడమంటారా?" అని చెవిలో అడగవచ్చు. వద్దంటే ఊరుకోవాలి. చూడమన్నా పని ఆమె చేతిలోనే ఉండాలి, సూది ఆమె వ్రేళ్ల మధ్యనే ఉండాలి. నేర్పేవారు నోటితోనో తమ దారంతోనో చూపాలి.

రెండవది: నేర్పినవారి పేరు చెప్పాలి. మా మజ్లిస్‌లో ఒక పూవుల అంచు ఉంది. ఒక వితంతువు దానిని తన అత్తగారి వద్ద నేర్చుకుని ఇక్కడ అందరికీ నేర్పింది. ఒక యువతి అదే అంచును తన సొంత ఊహ అని చెప్పి బయట పని తెచ్చుకుంది. ఆ వితంతువు డబ్బు గురించి బాధపడలేదు. "మా అత్త పేరు ఒక్కసారి చెప్పి ఉంటే చాలు" అంది. హదీసు విద్యలో సనద్ అనే గొలుసు ఉంటుంది. ఈ మాట ఎవరి ద్వారా ఎవరికి, వారి ద్వారా ఎవరికి చేరిందో చెప్పనిదే ముహద్దిసులు ఆ మాటను స్వీకరించరు. అల్లిక కూడా గొలుసు కుట్టుతోనే మొదలవుతుంది. తనకు లభించనిదానిని లభించినట్లు చెప్పుకునేవారిని అబద్ధపు వస్త్రాలు రెండు ధరించినవారితో దైవప్రవక్త (స) పోల్చారు. మనుషులకు కృతజ్ఞత చూపనివారు అల్లాహ్‌కూ కృతజ్ఞులు కాజాలరని హదీసులలో వచ్చింది. కనుక ఇప్పుడు కొత్త అల్లిక చూపినవారు, అది ఎవరి వద్ద నేర్చుకున్నారో ముందుగా చెబుతారు. ఆ యువతి కూడా చెబుతోంది.

మూడవది: ఇతరుల పనికి వెల కట్టరాదు. "ఇంతేనా? బజారులో ఇంతకంటే తక్కువకే దొరుకుతుంది" అన్న మాట ఎన్ని చేతులను ఆపివేసిందో లెక్కలేదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతపు లేసు అల్లికలు దేశదేశాలకు వెళ్లాయి. వాటిని అల్లిన స్త్రీలపై మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఒక గ్రంథం వెలువరించారు. ఇంట్లో కూర్చుని చేసే పనిని కాలక్షేపంగా లెక్కకట్టడం వలన ఆ స్త్రీల శ్రమ శ్రమగా కనిపించలేదని, కూలి అతి స్వల్పంగా ఉండిపోయిందని ఆమె చూపారు. బయటివారు అలా చూస్తే చూడవచ్చు. సాటి అల్లికదారులే అలా చూడటం ధర్మం కాదు. ఈ మజ్లిస్‌లో ఎవరైనా తమ పనిని అమ్మదలిస్తే పని ముగిసిన తరువాత అడిగినవారికే చూపాలని, ఒకరికి కుదిరిన బేరంలోకి మరొకరు చొరబడరాదని కూడా అనుకున్నాము. బేరం మీద బేరం చేయడాన్ని ప్రవక్త (స) వారించి ఉన్నారు.

నాలుగవది: ముగ్గురున్న చోట ఇద్దరు గుసగుసలాడరాదు. ఇది హదీసులోని మాటే. మూడవ మనిషికి అది దుఃఖం కలిగిస్తుందని కారణం కూడా ప్రవక్త (స) చెప్పారు. వరండాలో ఒక మూల నవ్వు వినిపిస్తే, మరో మూలనున్న కొత్తమనిషి తన అల్లికను చూసే నవ్వారనుకుంటుంది. కొత్తవారు వస్తే జరిగి చోటివ్వాలి. సభలలో చోటు కల్పించేవారికి అల్లాహ్ చోటు కల్పిస్తాడని ముజాదలా సూరా 11వ ఆయత్ మనకు శుభవార్త ఇస్తోంది. ఎవరినీ లేపి ఆ స్థానంలో కూర్చోరాదు. వెలుతురు బాగా పడే స్తంభం ప్రక్క చోటును చూపు తగ్గిన పెద్దామెకు వదలాలని పిల్లలే చెప్పారు.

ఐదవది అన్నింటికంటే కష్టమైనది. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోకి గీబత్ వచ్చి కూర్చుంటుంది. ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లింది, ఎవరి సంబంధం తప్పిపోయింది అన్న మాటలు దారంతో పాటు సాగుతాయి. చచ్చిన సోదరుని మాంసం తినడంతో పరోక్షనిందను పోల్చిన హుజురాత్ సూరాను చదివిన నోళ్లే అవి. మా నోరు కూడా ఆ దోషానికి అతీతం కాదు. కనుక లేనివారి మాట వస్తే, ఎవరైనా సరే తమ దారపు ఉండను ఎత్తి పట్టుకోవాలని ఒక గుర్తు ఏర్పరచుకున్నాము. మాట మారిపోతుంది. ఎవరినీ పేరు పెట్టి ఆపనక్కరలేదు. ఇక్కడ ఒకరు చెప్పుకున్న కష్టం ఈ గుమ్మం దాటరాదు. సభలు అమానతు వంటివన్న హదీసుకు ఇదే అర్థం. అనుమతి లేకుండా ఎవరి ముఖాన్నిగాని, సగంలో ఉన్న పనినిగాని ఫోనులో బంధించి ఇతరులకు చూపడం కూడా ఆ అమానతును పోగొట్టుకోవడమే.

ఆరవది: అప్పు తీసుకున్న సూది, దారం, నమూనా తిరిగి ఇవ్వాలి. చిన్న వస్తువు కదా అని అడగడానికి సిగ్గుపడి ఎందరో ఊరుకున్నారట.

ఏడవది: సంవత్సరానికి ఒక్క పని అయినా అల్లాహ్ మార్గంలో ఇవ్వాలి. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (ర.అన్హా) తన చేతులతో పనిచేసి, ఆ సంపాదనను దానం చేసేవారు. తన భార్యలలో పొడవైన చేయి గలవారు తనను ముందుగా కలుసుకుంటారని ప్రవక్త (స) చెప్పినప్పుడు వారు చేతులు కొలుచుకుని చూసుకున్నారట. ప్రవక్త (స) తరువాత ఆ మాతృమూర్తులలో మొదట మరణించినవారు జైనబ్ (ర.అన్హా) గారే. పొడవైన చేయి అంటే ఇచ్చే చేయి అని అప్పుడు అర్థమైంది. నిరుడు మా మజ్లిస్ అల్లిన టోపీలలో కొన్ని యతీము పిల్లలకు చేరాయి.

మర్యాదలు వ్రాసుకున్నంత మాత్రాన అన్నీ చక్కబడలేదు. గుసగుసలు ఇప్పటికీ వినిపిస్తాయి. దారపు ఉండ ఎత్తిన చేతిని చూసి ముఖం ముడుచుకునేవారూ ఉన్నారు. ఒకరిద్దరు, "అల్లుకోవడానికి కూడా ఇన్ని నియమాలా?" అని రావడం మానుకున్నారు. ఆ మాటలోనూ కొంత సత్యం ఉంది. నియమం ఎక్కువైతే అంచు ముడతలు పడుతుంది, తక్కువైతే ముడుచుకుపోతుంది. ఎక్కడ ఆపాలో ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాము.

నాలుగు వారాలు గడిచాక ఆ సోదరి వచ్చింది. ఆమె సంచిలో అదే దారం ఉంది. ఒకసారి అల్లి విప్పిన దారం నిటారుగా ఉండదు. ప్రతి కుట్టు వద్ద వంకర నిలిచిపోతుంది. దానితో అలాగే అల్లితే కొత్త అల్లిక కూడా ఎగుడుదిగుడుగా వస్తుంది. చిలపగా చుట్టి, నీళ్లలో నానబెట్టి, క్రింద కాస్త బరువు కట్టి ఆరవేయాలి. అప్పుడు వంకరలు చాలావరకు సర్దుకుంటాయి. ఆమె అదంతా చేసి తెచ్చింది. నానడానికి ఒక పూట, ఆరడానికి ఒక పూట చాలు. ఆమెకు నాలుగు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో మాకు తెలుసు.

కొత్త టోపీ మొదలుపెట్టింది. నెలాఖరులో ఆ వీధినుంచి మరొకరు కువైట్ వెళుతున్నారు, వారి చేతికి ఇచ్చి పంపాలని చెప్పింది. మేము కొంచెం దూరంగా కూర్చున్నాము. తొమ్మిదవ వరుస దాటేసరికి అంచు మళ్లీ పైకి లేవడం మా కంటపడింది. మా చేయి కదిలింది. ఒడిలోని మా దారపు ఉండను గట్టిగా పట్టుకుని కూర్చున్నాము. ఎంతసేపు గడిచిందో తెలియదు. చివరికి ఆమే తల ఎత్తి అడిగింది:

"ఆపా! ఇక్కడ ఏమైనా తేడా వచ్చిందా?"

దగ్గరకు జరిగి కూర్చున్నాము. ఆమె వ్రేలితో చూపుతూ ఒక్కొక్క కుట్టూ లెక్కపెట్టింది. మేమూ వెంట లెక్కపెట్టాము. టోపీ ఆమె చేతిలోనే ఉంది. తేడా ఎక్కడ వచ్చిందో ఆమెకే కనిపించింది. తానే సూది తీసి, తానే రెండు వరుసలు విప్పుకుంది.

మజ్లిస్ ముగింపులో పఠించమని ప్రవక్త (స) నేర్పిన దుఆను ఆ రోజు అందరమూ కలిసి పఠించాము. సభలో దొర్లిన తప్పులకు అది పరిహారమవుతుందని మనకు తెలుసు. ఇతరులు వడికిన నూలును తెంచే చేతులుగా కాక, తెగినప్పుడు ఒక్క క్షణం ఆగి చోటిచ్చే చేతులుగా మన చేతులను అల్లాహ్ మలచుగాక! మన నాలుకలను ఆయన కాపాడుగాక! ఆమీన్.